నాలుగో అంతస్తు మీద వేసిన జోకు

కరోనా తగ్గి కార్యక్రమాలు మళ్లీ మొదలైన ఏడాది, గణతంత్ర దినోత్సవం సాయంత్రం, పటమటలో ఒక అపార్ట్‌మెంట్ సంఘం వారికి గంటసేపు హాస్య కార్యక్రమం ఒప్పుకున్నాను. అప్పటికి ఇరవై ఏళ్లుగా అదే నా వృత్తి. చల్లపల్లిలో రైతుల సభ అయినా, హనుమాన్ జంక్షన్‌లో లారీ యజమానుల విందు అయినా ఒక్క బూతు లేకుండా నవ్వించేవాణ్ని. కరపత్రంలో "కుటుంబ సమేతంగా రండి" అని వేయించమని నేనే అడిగేవాణ్ని.

నా బడి చదువు పదో తరగతితో ఆగింది. మిగతాదంతా శాఖా గ్రంథాలయంలో చదువుకున్నదే. నవ్వు ఆరు రకాలని పాత అలంకార గ్రంథాలు చెబుతాయి. మొదటిది స్మితం, అందులో పళ్లు కనబడవు. వేదిక మీద నుంచి ఏ వరసలో ఏ రకం నవ్వు వచ్చిందో గుర్తుపట్టగలనని నాకు గర్వంగా ఉండేది.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. గంట ముందే వెళ్లి, నిర్వాహకుణ్ని అడిగి ఆ చోటి సంగతులు నాలుగు రాసుకుంటాం. దాన్ని లోకల్ సరుకు అంటాం. తమ సంగతి వినబడితే జనం త్వరగా నవ్వుతారు. ఆ రోజు సంఘం కార్యదర్శి పార్కింగు గొడవ, నీళ్ల మోటారు గురించి చెప్పి, లిఫ్టులో చేపల వాసన సంగతి మాత్రం వదలొద్దని రెండుసార్లు అన్నారు. ఎందుకని నేను అడగలేదు.

"మీ లిఫ్టులో అంకెలు చూడక్కర్లేదటండీ. కళ్లు మూసుకుని, వాసన ఘాటెక్కిన చోట దిగితే అదే నాలుగో అంతస్తట" అన్నాను.

సభ దద్దరిల్లింది. తలలన్నీ ముందు వరసలో ఒక కుటుంబం వైపు తిరిగాయి. భర్త, భార్య, ఇద్దరు పిల్లలు. ఆమె పెదవులు కదిలాయి. స్మితం అనుకున్నాను. ముక్కు మూసుకుని లిఫ్టు ఎక్కేవాడి నటన ఇంకో రెండు నిమిషాలు పొడిగించాను.

శాలువా కప్పుతూ కార్యదర్శి అసలు సంగతి చెప్పారు. వాళ్లు బందరు వైపు నుంచి వచ్చిన చేపల వ్యాపారులు. నాలుగో అంతస్తులో ఫ్లాట్ కొనుక్కున్నారు. లిఫ్టు వాడొద్దంటే వినడం లేదు. "మూడు మీటింగుల్లో మేం వాసన అని సూటిగా అనలేకపోయింది మీరు నవ్విస్తూ అనేశారండీ" అన్నారు.

భర్త పిల్లల్ని బయటికి తీసుకెళుతుంటే ఆమె నా దగ్గరికి వచ్చింది.

"మీరు బూతులు మాట్లాడరంటేనే పిల్లల్ని ముందు కూర్చోబెట్టానండీ. రేపు మావాడు ఆ లిఫ్టు ఎక్కుతాడా, మీరే చెప్పండి."

ఏదో సరదాకి అన్నాను, మనసులో పెట్టుకోవద్దన్నాను. ఆమె పిల్లల వెనకే వెళ్లిపోయింది. మైకు నా చేతిలోనే ఉంది. జనం ఇంకా భోజనాలకు లేవలేదు. తప్పు నాదని రెండు మాటలు చాలేవి. నేను మైకు కట్టేసి అక్కడ పెట్టాను.

వారం తర్వాత కార్యదర్శి ఫోన్ చేశారు. నా జోకును అచ్చు వేయించి లిఫ్టులో అంటించారట. కింద నా పేరు వేయవచ్చా అని అడిగారు. పేరు మాత్రం వద్దన్నాను. కాగితం తీసేయమని అనలేదు.

ఆ తర్వాత, పోయిన ఏడాది వృత్తి మానేసేదాకా, లోకల్ సరుకు రాసుకునే ముందు ఇది ఎవరి గురించి, వాళ్లు ఏ వరసలో కూర్చుంటారు అని అడిగేవాణ్ని. చెప్పకపోతే వాడేవాణ్ని కాదు. బూతు లేనంత మాత్రాన హాస్యం శుభ్రమైనది కాదని అక్కడ తెలిసింది. తెలిశాక కూడా పటమట వెళ్లి ఆ కాగితం తీయించలేదు.