నీళ్లు పుట్టే రాయి

ఏళ్లుగా నా గుండెల మీద ఒక రాయి ఉంది. మాటవరసకి అనడం లేదు, నిజం రాయే. మా ఊరి పైన కొండలో ఉంది, దాన్ని కదిపింది నేను. మీరెవరో నాకు తెలీదు కాబట్టే చెప్పగలుగుతున్నాను. మా ఊళ్లో ఈ సంగతి ఎవరికీ తెలీదు. మా వదినకి అసలే తెలీదు.

డుంబ్రిగుడకి ఎగువన కొండవాలులో మాది చిన్న ఊరు. ఊరంతటికీ ఒకటే ఊట. రిజర్వు ఫారెస్టులో, ఓ పెద్ద రాయి కింద నుంచి వచ్చేది. ఎప్పుడో మైదానం షావుకార్లని దోచుకున్న ఎర్రపాగా దొంగ, పోలీసులు తరుముతుంటే బంగారమంతా ఆ నీళ్లు పుట్టేచోట పాతేశాడని మా తాత చెప్పేవాడు. అందరూ విని నవ్వేవారు. నేను నవ్వలేదు. సొంత సర్వీసు జీపు కొనుక్కోవాలని అప్పుడు నాకు ఒకటే పిచ్చి.

సంతరోజు ఊరంతా కిందికి దిగిపోయాక గునపం పట్టుకుని ఎక్కాను. రాయి చుట్టూ మట్టి తవ్వి, సందులో గునపం దూర్చి, ఒళ్లంతా వేసి నొక్కాను. కదిలింది. లోపల గుహలాంటి తొర్ర. ఎండ సూటిగా అందులో పడింది. అబ్బ! ఏమని చెప్పను? గోడలన్నీ బంగారం. అడుగున నీళ్లు, ఆ నీళ్లలో మళ్లీ బంగారం. చల్లటి గాలి మొహానికి కొట్టింది. గునపం వదిలేసి చేతులు జోడించాను, ఎవరికో తెలీదు. పుట్టి బుద్ధెరిగాక అంత అందం చూడలేదు. అలా చూసి వచ్చేసి ఉంటే ఎంత బాగుండేది! అంత చూశాక కూడా నాకు జీపే ఎందుకు గుర్తొచ్చింది?

గునపం మళ్లీ తీసి గోడ మీద ఒక్క పోటు పొడిచాను. రేకులు రేకులుగా అరచేతిలో రాలింది. కాకిబంగారం. పిల్లలు ఆడుకునేది. ఒళ్లు మండిపోయింది. అసలు బంగారం ఇంకా కింద ఉంటుందని తొర్ర అడుగున పొడుస్తూనే ఉన్నాను. ఎక్కడో లోపల బండ పగిలింది. కొండ గుటక వేసినట్టు చప్పుడు. నా కళ్లముందే నీళ్లు గిర్రున తిరిగి లోపలికి దిగిపోయాయి. ఆ కొండ ముందు నేనెంత? రాయిని ఎలాగో వెనక్కి నెట్టి, మట్టి కప్పి, బేగి దిగిపోయాను.

మర్నాటికి ఊట ఎండింది. పూజారి ఊరిని కూడేసి, తప్పు చేసినోళ్లు చెప్పమన్నాడు. కొత్తల పండగ చేసి కొండదేవతకి పెట్టకుండా మాలో ఎవరూ మామిడికాయ కొరకరు. మా వదిన అప్పుడు కడుపుతో ఉంది. లేచి నిలబడింది. పుల్లగా తినాలనిపించి ఒక కాయ తిన్నానంది. ఊరంతా ముక్కున వేలేసుకుంది. అన్న తలెత్తలేదు. తప్పుకి జరిమానా కింద ఇంట్లో పంది పోయింది, కోళ్లు పోయాయి. నీళ్లు మాత్రం రాలేదు.

ఊరి కింద పారే గెడ్డ నుంచి వదిన నీళ్లు మోసుకొస్తుంటే దారిలో ఆపి అడిగాను. "ఎందుకొప్పేసుకున్నావు వదినా? నువ్వు తినడం ఎవులు సూసినారు?"

బిందె చంకకి ఎగదోసుకుని నావైపు వింతగా చూసింది. "కొండ సూసింది కాదేటి? ఊరంతా నీళ్లకి సస్తంటే నోరు మూసుకుని ఎలా కూకుంతాను, సెప్పు!"

నేను నోరు మూసుకున్నాను. అప్పుడూ, ఆ తర్వాతా.

భయమా? అనుకునేవాణ్ని. కాదేమో. నింద ఆమె మీదికి పోయాక నాకు హాయిగా నిద్రపట్టింది, అదీ నిజం. అప్పుడు ఆమె కడుపులో ఉన్న గుంటపిల్ల ఇప్పుడు గెడ్డ నీళ్లు మోస్తోంది. వాలు ఎక్కలేక ఆయాసపడితే బిందె అందుకుంటాను. మా చిన్నాన్న ఎంత మంచోడో అని అందరికీ చెబుతుంది.

వదిన మళ్లీ మామిడి ముట్టలేదు. ఏటా కొత్తల పండగనాడు తన వంతు నా ఆకులో వేస్తుంది. "నాకు అచ్చిరాదు బాబూ, నువ్వు తినీ" అంటుంది. ఈ ఏడూ తిన్నాను. ఆమె చూస్తుండగా, టెంక దాకా.

నీళ్లు పోగొట్టింది ఆ కాయ కాదు వదినా, నా గునపం. ఈ మాట అనడం నాకిదే మొదలు. ఇది ఆమె చదవదని నాకు తెలుసు. ఇప్పుడు కాస్త ఊపిరి ఆడుతోంది.