జైబున్ ఖాలా జిందా షర్బత్

మొన్న మా కోడలు ద్రాక్షరసం సీసా ఒకటి వంటింటి గట్టు మీద మరిచిపోయింది. ఎండాకాలం, రెండు రోజులు అలాగే ఉండిపోయింది. మూత తిప్పగానే బుస్సుమంది. ఆ వెనకే పులిసిన ద్రాక్ష వాసన, కొంచెం తియ్యగా, కొంచెం ముక్కులో గుచ్చుతూ. నేను ముఖానికి మోచెయ్యి అడ్డం పెట్టుకుని గోడకు అంటుకుపోయాను. కోడలు పడీపడీ నవ్వింది. నవ్వదూ మరి, ఎనభైకి దగ్గరపడ్డ మనిషి రసం సీసాకు జడుసుకుంటే! ఎందుకు జడుసుకున్నానో చెప్పాలంటే దానికి జైబున్ ఖాలా ఎవరో తెలియాలి. ఆమె గురించి ఇంట్లో ఎవరికీ నేను సరిగ్గా చెప్పలేదు. చెబితే నా సంగతి కూడా చెప్పాల్సి వస్తుంది కదా, అందుకు.

పెళ్లయిన మరుసటి ఏడు మా ఆయనకు మెదక్ తాలూకా కచేరీలో గుమాస్తా పని దొరికింది. అరవైల్లో మాట. కుల్చారం పక్కన పల్లెటూరి పిల్లను నేను, అంతవరకు బస్సెక్కింది రెండుసార్లు. ఖిల్లా గుట్ట కింద ఒక గల్లీలో జైబున్ ఖాలా ఇల్లు. అందులో రెండు గదులు మాకు కిరాయికిచ్చింది. ఆమె యాభై దాటిన విధవరాలు, పిల్లల్లేరు. గల్లీలో అందరికీ ఖాలాయే, అంటే పిన్ని. సన్నటి మనిషి, ఎప్పుడూ తెల్లటి ఓణీ తల మీదుగా కప్పుకుని ఉండేది. ఎడమ కన్ను లేదు. రెప్ప మూసుకుపోయి లోపలికి గుంటపడి ఉండేది. మొదటి వారం నేను ఆమె ముఖం చూసి మాట్లాడలేకపోయాను. నాకు అసలే అన్నీ భయాలు. బల్లికి భయం, ఉరుముకు భయం, సాయంత్రం మా ఆయన సైకిలు గంట పది నిమిషాలు ఆలస్యమైతే భయం. దానికి తోడు ఒంటికన్ను ఇంటావిడ!

ఆ కన్ను ఎలా పోయిందో ఆమే చెప్పింది, కూరగాయల ధర చెప్పినంత మామూలుగా. ఆమె భర్తకు బజార్లో సోడా దుకాణం ఉండేదట. ఒకనాడు గ్యాసు పట్టే మిషను దగ్గర సీసా పేలి గాజుపెంకు ఆమె కంట్లో దిగింది. ఆ దుఃఖంతోనే ఆయన మిషను అమ్మేశాడు, తర్వాత ఏదో జ్వరం తగిలి పోయాడు. మిగిలినవి సీసాలు, ఆమె. మిషను లేకుండా, గ్యాసు లేకుండా, పండ్ల రసాన్ని తనంతట తానే పొంగించే పద్ధతి ఆమె పుట్టింటివాళ్లకు తెలుసు. అదే ఆమెకు బతుకుతెరువైంది. గల్లీలో అందరూ దాన్ని జిందా షర్బత్ అనేవారు. ప్రాణమున్న షర్బత్ అని. షాదీలున్నా, రంజాన్ రోజాలున్నా జనం ఆమె గుమ్మం ముందు నిలబడేవారు.

ఒక పింగాణీ జాడీలో అల్లం తురుము, చక్కెర, నీళ్లు. దానికి రోజూ పొద్దున చెంచాడు అల్లం, చెంచాడు చక్కెర పెట్టేది, ఇంట్లో ఒక మేకపిల్లకు మేత వేసినట్టు. నాలుగైదు రోజులకు అది నురగ కట్టి చిటపటమనేది. ఖమీరు అనేది దాన్ని. ద్రాక్షో నేరేడో నారింజో పిండి, వడకట్టి, ఈ ఖమీరు గరిటెడు కలిపి, మందపాటి తెల్ల సీసాల్లో పోసి, బిరడాలు బిగించి దారంతో కట్టేది. కట్టేముందు ఒక్కో సీసాలో ఒక్కో కిస్మిస్ పండు వేసేది. అదే ఆమె గడియారం. కిస్మిస్ అడుగున పడుకుని ఉంటే షర్బత్ ఇంకా పచ్చి. పైకి లేచి తేలిందంటే తయారైనట్టు. అప్పుడిక ఒక్క పూట కూడా ఆగకూడదు. తడి గోనెసంచి కప్పి, దారం వదులు చేసి, లోపలి ఊపిరిని మెల్లగా బయటికి పోనివ్వాలి. ఆగితే రెండు ప్రమాదాలు. ఒకటి, నిషా ఎక్కుతుంది, అది ఆమెకు హరాం. అలాంటి సీసాలను నోరెత్తకుండా జామచెట్టు మొదట్లో పారబోసేది. రెండోది చెప్పనక్కర్లేదు, ఆమె ముఖం మీదే ఉంది.

మొదటిసారి ఆమె సీసా విప్పుతుంటే నేను చెవులు మూసుకుని దొడ్లోకి పరిగెత్తాను. ఎగతాళి చేస్తుందనుకున్నాను. చెయ్యలేదు. గ్లాసుతో నా వెనకే వచ్చి పక్కన కూర్చుంది.

"నాకు గూడ భయమే బిడ్డా. రోజూ భయమే. భయమున్నోళ్లే మెల్లగ విప్పుతరు" అంది.

ఆ మాటతో నా ప్రాణానికి ఎంత హాయి అనిపించిందో! భయపడటం తప్పు కాదని అంతవరకు నాకెవరూ చెప్పలేదు. ఆ గ్లాసు నేరేడు షర్బత్ గటగటా తాగేశాను. వాళ్లింట్లో తాగానని మా అత్తగారికి తెలిస్తే తలస్నానం చేయించేది. నాలుక మీద చురచురమని, గొంతులోంచి కళ్లల్లోకి ఎక్కింది. అప్పటినుంచి మధ్యాహ్నాలు ఆమె అరుగు మీదే గడిచేవి. ద్రాక్షలు తుంచి ఇచ్చేదాన్ని, సీసాలు కడిగేదాన్ని. సీసాలు పెట్టిన చల్లటి గదిలోకి మాత్రం అడుగు పెట్టేదాన్ని కాదు. ఆమె కూడా బలవంతపెట్టలేదు.

మరుసటి ఎండాకాలం నాకు ఏడో నెల. చేగుంటలో ఖాలా చెల్లెలికి సీరియస్‌గా ఉందని కబురొచ్చింది. గదిలో ముందురోజే పోసిన పన్నెండు ద్రాక్ష సీసాలున్నాయి. ఖాలా ఒక కాలు ఇంట్లో, ఒక కాలు గడప బయట అన్నట్టు నిలబడింది. చివరికి నాకు ఒక్క పని అప్పజెప్పింది. పొద్దున, సాయంత్రం గది తలుపు తీసి గుమ్మం దగ్గర్నుంచే చూడాలి. కిస్మిస్‌లు పైకి లేస్తే మా ఆయనకు చెప్పాలి. గోనెసంచి కప్పి దారాలు వదులు చేయడం ఆయనకు నేర్పించే పోయింది. నేను లోపలికి పోనే కూడదు. ఉత్త చూడటమే నా పని.

మొదటిరోజు చూశాను. అన్నీ అడుగునే ఉన్నాయి. రెండోరోజు పొద్దున తలుపు గొళ్లెం మీద చెయ్యి వేశానో లేదో, లోపల టిక్కుమని ఏదో చప్పుడైంది. బల్లి కావచ్చు, బిరడా కావచ్చు. నాకు మాత్రం కడుపులో బిడ్డ ఒక్కసారి ఎగిరిపడ్డట్టయింది. గొళ్లెం వదిలేసి వచ్చేశాను. సాయంత్రం చూద్దామనుకున్నాను, చూడలేదు. మా ఆయన అడిగితే ఇంకా లేవలేదని చెప్పాను. అంత తేలిగ్గా వచ్చింది ఆ అబద్ధం! ఆరోజు ఎండ నిప్పులు చెరిగింది. మూడోరోజు పొద్దున కూడా ఆ గది వైపు పోలేదు. ఇప్పుడు పోతే నిన్న చూడలేదని తేలిపోతుందని ఒక భయం, సీసాలంటే ఒక భయం. రెండు భయాల మధ్య పొయ్యి ముందు కూర్చుని ఎసరు మరిగించుకుంటూ ఉండిపోయాను.

మధ్యాహ్నం బస్సుకు ఖాలా దిగింది. చెల్లెలికి నయమైందట. చెప్పులు విడుస్తూనే సీసాలు చూసినవా అని అడిగింది.

"చూసిన ఖాలా. ఇంక లేవలే" అన్నాను, నేల చూస్తూ.

ఆమె ఆ ఒక్క కంటితో నన్నే చూస్తూ నిలబడింది. తర్వాత నీళ్ల గోలెంలో గోనెసంచి ముంచి, పిండి, చేతి మీద వేసుకుంది. నువ్వు ఇక్కడ నిలవడకు, వంటింట్లకు పో అంది. నేను కదల్లేదు. ఆగు ఖాలా అని చెప్పాలి. నాలుగు అక్షరాలు. ఆమె గొళ్లెం తీసి లోపలికి పోయింది.

ఒక చప్పుడు. వెనకే ఇంకో రెండు. ఖాలా అని అప్పుడు అరిచాను, అరిచి ఏం లాభం! ఆమె గోడ పట్టుకుని బయటికి వచ్చి గడపలో కూలబడింది. ముఖమంతా ఎర్రగా కారుతోంది. అది ద్రాక్షరసమో నెత్తురో తెలియడం లేదు. చెయ్యి కుడికన్ను మీద ఉంది. ఉన్న ఒక్క కన్ను మీద.

"నువ్వు దూరంగనే ఉన్నవా బిడ్డా?" అని అడిగింది. అదే ఆమె మొదటి మాట.

దవాఖానాలో పెంకు తీసి కట్టు కట్టారు. చూపు ఉంటుందో పోతుందో కట్టు విప్పితే గాని చెప్పలేమన్నారు. పది రోజులు. ఆ పది రోజులు నేను పడ్డ భయం శత్రువుకు కూడా వద్దు. ఆమెకు అన్నం కలిపి నోట్లో పెట్టేదాన్ని. చెయ్యి పట్టుకుని దొడ్లోకి తీసుకెళ్లేదాన్ని. ఎండ ఎంతదాకా వచ్చిందని ఆమె అడిగేది, నేను చెప్పేదాన్ని. ప్రతి ముద్దకూ చెప్పేద్దామనుకునేదాన్ని, చెప్పేదాన్ని కాదు. నా పాపం బిడ్డకు తగులుతుందని, గుడ్డిపిల్ల పుడుతుందని వణికేదాన్ని. కట్టు విప్పిన రోజు ఆమె కిటికీ వైపు తల తిప్పి వెలుగు కంటికి ఆనుతున్నదంది. మనుషులు ఆనారు, గోడలు ఆనాయి. చిన్న వస్తువులు మాత్రం ఆనలేదు. సూదిలో దారం ఆనలేదు, సీసాలో కిస్మిస్ ఆనలేదు. నేను కాన్పుకు పుట్టింటికి పోయేనాటికి ఆమె సీసాలన్నీ బోర్లించి పెట్టేసింది.

మూడో నెల బిడ్డను ఎత్తుకుని తిరిగి వచ్చాను. ఆడపిల్ల, కళ్లు చక్కగా ఉన్నాయి. ఖాలా ఒళ్లో వేశాను. ఆమె వేళ్లతో తడిమి తడిమి ముక్కు, చెవులు, రెప్పలు చూసుకుంది. ఇక నావల్ల కాలేదు.

"ఖాలా, ఆ రోజు నేను సీసాలు చూడలే. రెండ్రోజులు ఆ దిక్కే పోలే" అన్నాను.

ఆమె పిల్లను జోకొట్టడం ఆపలేదు. "ఎరుకే" అంది. "నీ మొఖం చూస్తనే ఎరుకైంది."

మరి తెలిసీ లోపలికి ఎందుకు పోయావని ఏడుస్తూ అడిగాను.

"పోకుంటే ఏమైతుండె? అబద్ధం ఒప్పుకోలేక, సిగ్గుతోని నువ్వే ఆ గదిలకు ఉరుకుతుంటివి. నాదంటే ఒక్క కన్ను. నీకాడ రెండు పానాలుండె."

నేను ఎంతసేపు ఏడ్చానో తెలియదు. ఆమె ఓదార్చలేదు, తిట్టలేదు. ఏడుపు అయ్యాక అల్లం తెప్పించమంది. వారం తిరిగేసరికి ఆ గదిలో మళ్లీ పన్నెండు సీసాలు నిలబడ్డాయి. పిల్లను తను పట్టుకుని, పోయి చూసి రా అంది. పోయాను. గుమ్మంలో నిలబడి ఒక్కో సీసానూ లెక్కపెట్టి చూశాను. నాలుగు లేచినయి, ఎనిమిది లేవలేదని వచ్చి చెప్పాను. పిల్లను నాకిచ్చి, గోనెసంచి తడుపుకుని ఆమె లోపలికి పోయింది.

మా ఆయనకు బదిలీ అయ్యేదాకా రెండేళ్లు అలాగే నడిచింది. ఆ రెండేళ్లలో నిజంగా చూసినవా అని ఆమె నన్ను ఒక్కసారి కూడా అడగలేదు. ఒకసారి అబద్ధమాడిన నా నోటిమాట నమ్మి, మిగిలిన ఆ కాస్త చూపును రోజూ తీసుకెళ్లి సీసాల ముందు పెట్టింది.