వైరు తెగలే

పటాన్‌చెరులో మా కంపెనీల ప్రెస్ మిషన్ల మోతకు అందరికి నీలం దారమున్న ఇయర్ ప్లగ్గులు ఇస్తరు. ఫోన్ మాత్రం గేటు కాడనే పెట్టాలె.

పోయినేడాది నేను ఖరీదైన ఇయర్‌ఫోన్లు తెప్పించుకున్న. తబలా మీద వేలు ఆనినా ఇనిపిస్తది. వైరు గూడ నీలమే! 'గుంజినా తెగదు' అని డబ్బా మీద రాసి ఉండె. ఇగ ప్లగ్గులు పక్కన పడేసి, ఫోన్ అంగి లోపల దాచి, వారం రోజులు మిషన్ కాడ పాటలిన్న.

ఓ పొద్దున షిఫ్టుకు ముందు సేఫ్టీ మీటింగ్. పాట మధ్యల ఉండె, తీయబుద్ధి కాలే. సేఫ్టీ ఆఫీసర్ సారు వచ్చి నా భుజం మీద చెయ్యేసిండు. సారు పెదాలు కదులుతున్నయి గాని నాకు తబలా తప్ప ఏం ఇనిపిస్తలేదు. అందరు చప్పట్లు కొడితే నేను గూడ కొట్టిన.

"మిషన్ ఆన్ కాకముందే ప్లగ్గులు పెట్టుకున్నాడు, చూసి నేర్చుకోండి" అన్నడంట సారు. తర్వాత దోస్తు యాదగిరి చెప్పిండు.

ప్లగ్గు ఎంత బిర్రుగ ఉండాల్నో చూపిద్దామని సారు దారం పట్టి గుంజిండు. తెగు తల్లీ, తెగు అని మొక్కుకున్న. తెగలే. చెవులల్లకెల్లి ఊడినయి గాని, ఫోన్ల పిన్ను గూడ ఊడలే. ఫోన్ కాలర్లకెల్లి బయటికొచ్చి, గాలానికి పడ్డ చేప లెక్క సారు చేతిల ఊగింది.

"ఇదేంటయ్యా?" ఈసారి మంచిగ ఇనిపించింది.

మెమో పట్టుకొని ఇంటికొచ్చి ఆన్‌లైన్ల రివ్యూ రాసిన: "సౌండ్ సూపర్. వైరు శానా గట్టిది. జెర తక్కువ గట్టిగుంటే బాగుండు."