ఇసుక రంగు కారు

మొన్న మా మనవరాలు ఫోన్ పట్టుకొని వచ్చి నా మంచం మీద చతికిలబడి, తాను రాస్తున్న కథలో హీరోకు ఏ కారు పెడితే బాగుంటుందో చెప్పమని అడిగింది. కామారెడ్డిలో డిగ్రీ చదువుతోంది, చదువు సంగతి దేవుడెరుగు గానీ, ఫోన్‌లో ఏదో సీరియల్ రాస్తూ ఉంటుంది. ఒకప్పుడు అమ్మమ్మ కూడా కథలు రాసిందని వాళ్లమ్మ చెప్పిందట. అడిగింది చిన్న ప్రశ్నే. కానీ చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న నా చేతులు ఆగిపోయాయి, ఎందుకంటే ఇదే ప్రశ్న నేనూ ఒకప్పుడు ఒక మనిషిని అడిగాను, ఆ తర్వాతే ఆ మనిషి గొంతు మా ఇంట్లో వినబడకుండా పోయింది.

అప్పట్లో మేము ఎల్లారెడ్డిలో ఉండేవాళ్లం. తాడ్వాయి బడిలో నాకు కొత్తగా టీచరు ఉద్యోగం, రోజూ బస్సులో పోయి రావడం, సందు దొరికితే కథ రాయడం. మా అన్న అంతకు కొన్నేళ్ల ముందే దుబాయి వెళ్లాడు. వెళ్లేనాటికి సైకిలు తప్ప మరేదీ నడపడం రాదు. వెళ్లిన ఏడాదికి, అక్కడ డ్రైవింగు నేర్చుకున్నాననీ, ఒక షేకు ఇంట్లో డ్రైవరు పని దొరికిందనీ చెప్పి పంపాడు. ఆ మాటతో మా అవ్వ, అమ్మను మేము అలాగే పిలిచేవాళ్లం, వాడకట్టంతా చెప్పుకుంటూ తిరిగి వచ్చింది. మొదటిసారి సెలవు మీద వచ్చినప్పుడు టేపురికార్డరు తెచ్చాడు. చేతులు మాత్రం పగిలి, వేళ్ల సందులు తెల్లగా చివికిపోయి ఉన్నాయి. ఇంజను నూనె ఒంటికి పడలేదన్నాడు, మేము నమ్మాము.

మీలో ఆ కాలం చూసినవాళ్లకు ఈ సంగతి గుర్తుండే ఉంటుంది. ఉత్తరం రాయడం రానివాళ్లూ, రాసినా తృప్తి తీరనివాళ్లూ క్యాసెట్టులో మాట్లాడి, సెలవు మీద వచ్చేవాళ్ల చేతికిచ్చి పంపేవారు. మా క్యాసెట్టు నస్రుల్లాబాద్‌కు చెందిన ఒకాయన తెచ్చేవాడు, ఆయనకూ అక్కడే పని. ఆయన సెలవు ఉన్న రెండు మూడు నెలలూ మేము అన్న మాటలు తనివితీరా వినడం, ఆయన తిరిగి పోయే ముందు అదే క్యాసెట్టు మొదటికి తిప్పి, అన్న మాటల మీదనే మా మాటలు నింపి పంపడం. ఒక్క క్యాసెట్టే ఇటూ అటూ తిరిగేది. అవ్వ మాట్లాడితే అన్న తుడిచిపెట్టుకుపోయేవాడు, అక్కడ అన్న మాట్లాడితే అవ్వ పోయేది. అందులో తప్పేమీ మాకు తోచలేదు, మళ్లీ వస్తుంది కదా అనుకునేవాళ్లం.

ఆ రోజుల్లోనే నేను ఒక డాక్టరమ్మ కథ మొదలుపెట్టాను. కామారెడ్డి నుంచి తన కారు తానే నడుపుకుంటూ పల్లెపల్లెకూ తిరిగే ఆడమనిషి. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, బస్సులో సీటు దొరికితే పండుగ చేసుకునే నేను, నాకు లేని దర్జా అంతా ఆమెకు కట్టబెట్టాను. చిక్కల్లా కారుతోనే వచ్చింది. నేను కారెక్కింది ఒక్కసారి, అదీ ఒక పెళ్లిలో, వెనక సీటులో నలుగురి మధ్య. నిగనిగలాడే నల్ల కారు పెడదామని నా ఆశ. డ్రైవరును ఇంట్లో పెట్టుకొని బయట అడగడమెందుకని, ఏ కారు పెట్టమంటావని క్యాసెట్టులో అన్నను అడిగాను.

జవాబు వచ్చిన రోజు ఇంకా కళ్లముందే ఉంది. అవ్వ, వదిన, నేను టేపురికార్డరు చుట్టూ కూర్చున్నాము. అన్న అంత హుషారుగా మాట్లాడడం నేను అంతకుముందెప్పుడూ వినలేదు. నల్లదొద్దు చెల్లే అన్నాడు, నల్లదానిమీద నీళ్ల చుక్క ఎండితే మచ్చ పడ్తది, తుడిచి తుడిచి చేతులు పోతయి. ఇసుక రంగుది పెట్టు, మన తొవ్వల దుమ్ము గూడ కనవడది. అద్దం ఏ మూల ఎట్లా వంగుతుందో, చక్రం మధ్య గిన్నెలో బురద ఎక్కడ ఆగుతుందో, తలుపు పిడి చలికాలం పొద్దున ఎంత చల్లగా ఉంటుందో, పూసగుచ్చినట్టు చెప్పాడు. చివరకు, తలుపు పడ్డ చప్పుడు వినిపిస్త చూడు అని, దబ్బున కాక, బరువైన పెట్టె మూత మెత్తగా కూర్చున్నట్టు ఒక చప్పుడు వినిపించాడు. ఆ వెంటనే ఎవరో అరబ్బీలో అరిచారు, టేపు ఆగిపోయింది. షేకు ఎటో పోవడానికి పిలిచాడు కాబోలని మేము నవ్వుకున్నాము.

అన్న చెప్పింది చెప్పినట్టు రాశాను. కథ నెలలోపే వారపత్రికలో అచ్చయింది, ఆ రోజుల్లో కథ కింద రాసినవాళ్ల చిరునామా వేసేవారు. వారం తిరక్కుండానే పెద్దకొడప్‌గల్ నుంచి కార్డు వచ్చింది. ఇంటికి ఏ ఉత్తరం వచ్చినా నేను అరుగు మీద నిలబడి అందరికీ చదివి వినిపించడం మా ఇంటి రివాజు, పైగా ఇది నా కథ మీద వచ్చిన మొదటి కార్డు, గాలిలో తేలిపోతూ ముందు ఒకసారి చూసుకోనైనా చూసుకోకుండా గట్టిగా చదవడం ఎత్తుకున్నాను. రాసినాయన జీపు డ్రైవరు. కథ మంచిగున్నదమ్మా, కాని మీ డాక్టరమ్మ కారు నడపలేదు, గేరు ఊసు లేదు, ఎత్తు మీద బండి గుంజుడు లేదు, అద్దం, చక్రం, తలుపు, అంత బయటి ముచ్చటే, ఇది కారు కడిగెటోడు చెప్పినట్టున్నది అని రాశాడు. ఆ చివరి మాట నా నోటి నుంచి వచ్చేశాక గానీ అదేమిటో నాకు అర్థం కాలేదు. అవ్వ ఏమన్నడే అని రెండుసార్లు అడిగింది. వదిన బిందె తీసుకొని నీళ్లకు పోయింది, బిందె నిండుగానే ఉంది.

నాకు ఒళ్లు మండింది. వదినను ఇన్నేళ్లు మోసం చేశాడని నా కోపం అనుకున్నాను. నిజం చెప్పాలంటే నా కథ నవ్వులపాలయిందన్న మంటే ఎక్కువ. నస్రుల్లాబాద్ ఆయన తిరిగి పోయే రోజు దగ్గరపడింది. క్యాసెట్టు నింపబోతుంటే వదిన నా చెయ్యి పట్టుకొని, గీ ఒక్కటి ఇట్లనే ఉంచుదాం, కామారెడ్డిలో కొత్తది కొందాం అంది. వినలేదు. మొదటికి తిప్పి, ఎర్ర మీట నొక్కి, అన్నా నువ్వు నిజంగ కారు నడుపుతున్నవా, కడుగుతున్నవా అని అడిగేశాను. ఇసుక రంగు, చక్రం గిన్నె, తలుపు చప్పుడు, అన్నీ నా ప్రశ్న కింద పోయాయి.

ఆ క్యాసెట్టు తిరిగి రాలేదు. నస్రుల్లాబాద్ ఆయన మరుసటి సెలవుకు వట్టి చేతులతో వచ్చి, మీ అన్న విన్నడమ్మా, ఏమనలే అన్నాడు. ఆ తర్వాత ఎవరిచేతనో రాయించిన రెండు ముక్కల ఉత్తరాలే వచ్చాయి, బాగున్నాను, బాగుండండి. చాలా ఏళ్లకు అన్న శాశ్వతంగా ఇంటికి వచ్చాడు, కానీ ఆ హుషారు గొంతు రాలేదు. ఇంటి ముందు ఎవరి కారైనా ఆగితే లేచి లోపలికి పోయేవాడు. తప్పయిందన్నా అనే మాట ఎన్నోసార్లు నాలుక చివరిదాకా వచ్చింది, ఆయనే పోయాక ఇక ఎవరికి చెప్పుకోను.

కర్మ అయిన మర్నాడు వదినే చెప్పింది. మొదటిసారి వచ్చినప్పుడే ఆయన చేతులు చూసిన, నాకెరుకే అంది. కారు ముచ్చట చెప్పేటప్పుడు గొంతు మంచిగుంటుండె, ఆ గొంతు కోసమే ఊకున్న, నువ్వే అడిగినవు. ఆమె కోపంగా అనలేదు, అందుకే నేటికీ తట్టుకోలేకపోతున్నాను.

ఇప్పుడు మా వదిన మనవడూ గల్ఫులోనే ఉన్నాడు. రోజూ ఫోన్‌లో కనబడతాడు, గది, మంచం, వండుకున్న కూర, పగిలిన చేతులు, అన్నీ చూపిస్తాడు. దాచేదేమీ లేదు, అది మంచికే కావచ్చు. కానీ అలసిపోయిన మనిషి ఇంటివాళ్ల ముందు కాసేపు తన కోసం ఒక కారు కల్పించుకునే వీలు కూడా పోయింది. డాక్టరమ్మకు నేను ఇచ్చుకున్నట్టే అన్న తనకు తాను ఒక కారు ఇచ్చుకున్నాడు, నా అబద్ధం అచ్చయింది, ఆయనది అచ్చుకు ఎక్కలేదు, అంతే తేడా.

ఇదంతా మనవరాలికి చెప్పలేదు. ఇసుక రంగు కారు పెట్టవే, దుమ్ము కనబడదు అన్నాను. అది ఫోన్‌లో ఏదో వెతికి, అలాంటి కారు బొమ్మ చూపించి, తలుపు పడ్డ చప్పుడు కూడా వినిపించింది. నువ్వనేది గిట్లాంటి కారేనా అమ్మమ్మా అంది. చెవి దగ్గర పెట్టుకొని మళ్లీ మళ్లీ విన్నాను. ఇది కాదే అన్నాను. నిజానికి ఆ చప్పుడు ఎలా ఉండేదో నాకు గుర్తు లేదు.