శృంగవరపుకోటలో ఐదో స్విచ్చి

ఇందులో ఒక్క అక్షరం అబద్ధమైనా ఈ పూట నేను తినే ముద్ద చేదైపోవాలి. ఆ రోజుల్లో కరెంటు పనంటే గోడలు తవ్వడమే. నాకు మాత్రం రిలేల పిచ్చి పట్టింది. (సంగతి తేలికే. గోడ మీది స్విచ్చికి వచ్చేది ఇరవై నాలుగు వోల్టులే. నొక్కితే ఆ చిన్న కరెంటు పెట్టెలో ఉన్న రిలేని తడుతుంది, అది టక్కుమని అసలు దీపాల్ని వెలిగిస్తుంది. మళ్లీ నొక్కితే ఆర్పేస్తుంది. ఒకే దీపాలకి ఎన్నిచోట్ల కావాలంటే అన్ని స్విచ్చిలు.)

శృంగవరపుకోటలో ఒకాయన కల్యాణ మండపం కట్టాడు. ఊరంతా ఆయన్ని మావ అనేవారు, నేనూ అంతే. ప్రారంభం రోజు మొదటి స్విచ్చి ఎవరు నొక్కాలని ఇంట్లో తగువు. మావ, ఆయన తమ్ముడు, ఇద్దరు బావమరదులు, ఎవరూ తగ్గరు. "నలుగురికీ నాలుగు స్విచ్చిలెడతాను మావా, ఒక్కసారే నొక్కండి" అన్నాను ఛాతీ విరిచి. నాకు పని నేర్పుతున్న మేస్త్రి పక్కకి లాగి, "ఒరే, దీపం ఎలగలేదో, రేపట్నుంచి పన్లోకి రాకు. సెప్తన్నాను" అన్నాడు. నాలుగూ విడివిడిగా నొక్కి చూసుకున్నాను. భేషుగ్గా పనిచేశాయి.

ముహూర్తం పొద్దున్నే. తెరలు దించి చీకటి చేశారు. పంతులుగారు "ఊఁ" అన్నారు. టక్, టక్, టక్, టక్. మనుషులకి అది ఒక్కసారే గానీ రిలేకి నాలుగుసార్లు. దీపాలు మెరిశాయి, ఆరాయి, మెరిశాయి, ఆరిపోయాయి.

"ఏటైందిరా?" అన్నాడు మావ.

"నువ్వే ముందు నొక్కీసావు బావా!" అన్నాడో బావమరిది.

"నానా? నీ ఏలికే ఆత్రం!"

మేస్త్రి నావైపు చూశాడు. ఆ చూపులో నేరుగా రెండొందల ముప్పై వోల్టులున్నాయి.

ఇంకొక్క నొక్కు కావాలి, ఆ నలుగురేమో స్విచ్చిలొదిలేసి తగువులో పడ్డారు. వంటవాళ్ల కోసం వెనక గుమ్మం దగ్గర ముందే ఐదో స్విచ్చి పెట్టి ఉంచాను. దాని పక్కనే మావ వదిన నిలబడి ఉంది. ఆ ఇంటికి పెద్ద ఆవిడే, కానీ భర్త పోయాడని శుభకార్యంలో ముందుకి రానివ్వలేదు.

"అత్తా, నీ పక్క స్విచ్చి నొక్కు!"

"నానేటి, నొక్కడమేటి నాయినా! ఆళ్లేటంటారో!"

"నొక్కత్తా, నా పని పోతాది!"

నొక్కింది. మండపమంతా వెలుగు.

ఇక ఒప్పుకుంటాను. ఆవిడ నొక్కలేదు. నేనే పెట్టె తలుపు తీసి, రిలే మీద వేలుపెట్టి నొక్కాను. నా పని పోకుండా నిలబడింది. మిగతాదంతా నిజం. ఆవిడ వెనక గుమ్మంలో నిలబడ్డదీ నిజమే, స్విచ్చి చేతికి జానెడు దూరంలో ఉన్నదీ నిజమే. ఆవిడ్ని పిలవాలని ఆ వయసులో నాకు తట్టనే లేదు. ఇప్పుడీ కథ ఎక్కడ చెప్పినా ఆవిడ చేతే నొక్కిస్తున్నాను. ఈమధ్య చెప్పినప్పుడల్లా ఆవిడ నొక్కి నవ్వుతోంది కూడా.