దిగని సెలైన్

వైద్యచరిత్ర రాసిన మహానుభావులు టీకాకు అధ్యాయం ఇచ్చారు, మత్తుమందుకు అధ్యాయం ఇచ్చారు. సూది పని ముగియగానే రోగి చొక్కా చెయ్యిని మణికట్టుదాకా దించి, ముడతలు సర్ది, బొత్తాం పెట్టే అలవాటుకు మాత్రం అరపేజీ అయినా కేటాయించలేదు. ఆ అలవాటు మగవాళ్ళ వార్డులో పనిచేసే ఒక హౌస్ సర్జన్‌ది. తల్లి నుంచి సంక్రమించింది. ఆ తల్లి, పాలు పోయడానికి వచ్చినవాడి కాలరు నలిగి ఉన్నా సరిచేసి గానీ పంపేది కాదు.

అమ్మాయి చదువులో దిట్ట. చేతిలోని నరాలన్నిటినీ కళ్ళు మూసుకుని బొమ్మ గీయగలదు. కళ్ళు తెరిచి ఒక్కదాంట్లో సూది దించమంటేనే చిక్కు. పుస్తకంలో నీలంగా, తాపీగా పడుకుని ఉండే నరం, మనిషి చేతిలో ఆమెను చూడగానే పక్కకి జరిగేది. చర్మం కింద బుడిపె లేచేది. అలా వార్డులో ఆమె పేరు ‘బుడిపె డాక్టర్’ అయింది. శిక్షణ గదిలోని రబ్బరు చెయ్యి మీద మాత్రం ఆమెకు తిరుగులేదు. దానికి నోరు లేదు కదా. ఇంట్లో సాధన చేద్దామని తమ్ముణ్ణి బతిమాలితే వాడు ఉదారంగానే మాట్లాడాడు: “అక్కా, కిడ్నీ కావాలంటే తీసుకో. చెయ్యి మాత్రం అడక్కు.”

ఆ ఉదయం పెద్ద డాక్టరమ్మ తేల్చి చెప్పేసింది. “ఇవాళ ఒక్క సెలైన్ నీ అంతట నువ్వు పెట్టు. పెడితే రేపట్నుంచి ఆపరేషన్ థియేటర్‌కి రా. లేకపోతే ఇంకో నెల ఈ వార్డే.”

థియేటర్ కోసమే ఆ అమ్మాయి డాక్టరైంది.

మంచం మీద వాంతులతో నీరసించిన రిటైర్డు లెక్కల మాస్టారు. ఆయనకి ఆమె బిరుదు అప్పటికే తెలిసిపోయింది. “కానీయ్ అమ్మాయ్. ఆన్సరు తప్పినా స్టెప్పులు కరెక్టుగా ఉంటే సగం మార్కులేస్తా” అని చెయ్యి చాపాడు.

ఆమె చొక్కా చెయ్యిని పైకి మడిచి, నరం ఉబ్బడానికి మోచేతి పైన రబ్బరు పట్టీ బిగించింది. పిడికిలి పట్టించింది. అరచేతి వెనక తుడిచి, చర్మం లాగిపట్టి సూది దించింది. సూది మొదట్లో ఎర్రగా రక్తం కనబడింది. నరం దొరికింది. ఆ సంబరంలో సూది మీది సన్న గొట్టాన్ని నరంలోనే ఉంచి సూది తీసి, ప్లాస్టరు వేసి, సెలైన్ గొట్టం తగిలించి, అలవాటుగా చొక్కా చెయ్యి దించి బొత్తాం పెట్టేసింది.

గొట్టం మీది చక్రం తిప్పితే చుక్క పడలేదు. స్టాండు పైకెత్తింది. గొట్టాన్ని వేలితో కొట్టింది. మణికట్టు అటూ ఇటూ తిప్పింది. సెలైన్ దిగకపోగా రక్తమే గొట్టంలోకి ఎదురెక్కడం మొదలుపెట్టింది. ఆమెకు ఏడుపొక్కటే తక్కువ.

“ఎన్నో స్టెప్పులో ఉన్నాం అమ్మాయ్?” అన్నాడు మాస్టారు.

ఇక గత్యంతరం లేక పెద్ద డాక్టరమ్మను పిలవాల్సి వచ్చింది. ఆవిడ వచ్చి స్టాండును ఇంకో జానెడు లేపింది. గొట్టం మార్పించింది. చలికి నరం ఎలా ముడుచుకుపోతుందో పోగైన విద్యార్థులకి విపులంగా బోధించింది. వేడిగుడ్డ కప్పించింది. సెలైన్ సీసా ఇవేవీ పట్టించుకోలేదు. చివరికి ఆవిడ నిట్టూర్చి, “పోయింది. తీసేసెయ్, నేను రెండో చేతికి పెడతా” అంది.

థియేటర్ తలుపు మొహం మీదే మూసుకున్నట్టయింది. అమ్మాయి తల వంచుకుని ప్లాస్టరు మీద చెయ్యి వేసింది.

“ఆగండమ్మా, ముందు ఈ చొక్కా సంగతి చూడండి” అని మూలిగాడు మాస్టారు. “మోచెయ్యి పైన బిగేసి చంపుతోంది. మా ఆవిడ మళ్ళీ కుట్లేసి బిగించినట్టుంది.” తనే బొత్తాం విప్పి, చొక్కా చెయ్యిని పైకి తోసుకున్నాడు.

రబ్బరు పట్టీ కట్టింది కట్టినట్టే ఉంది.

చలి గురించి అంత చెప్పిన పెద్ద డాక్టరమ్మ కిటికీలోంచి బయటికి చూసింది. అమ్మాయి ముడి లాగింది. సెలైన్ చుక్క చుక్కగా, ఎంతో బుద్ధిమంతురాలిలా దిగసాగింది.

“సూది నరంలోనే పడిందిగా” అంది పెద్ద డాక్టరమ్మ, కిటికీ వైపే చూస్తూ. “రేపు థియేటర్‌కి రా.”

థియేటర్లో రోగులకి తొడిగే గౌనుకి చేతులుండవు.