శాంతవ్వ పొయ్యి మీద నా ఫిర్యాదు

ఒక్క ఫిర్యాదుతో వాడకట్టు మొత్తం పొయ్యిలు చల్లార్చిన మొనగాణ్ణి నేను. నవ్వండి, ఫరవాలేదు. ఆ రోజు మాత్రం ఎవరూ నవ్వలేదు.

కామారెడ్డిలో రైలు కట్ట పక్కన రైల్వే నౌకర్లకు కట్టించిన వరుస ఇండ్లలో మాదొకటి. నేను గూడ్సు గుమాస్తాను. కొత్త ఉద్యోగం, కొత్త టోపీ, వాటికి తగ్గ పొగరు. పక్కింట్లో ప్లాట్‌ఫారం ఊడ్చే శాంతవ్వ ఒంటరిగా ఉండేది. బూడిదలో కప్పిపెట్టిన నిప్పుతో తెల్లవారకముందే చూరు కింద పొయ్యి రాజేసేది. ఆ పొగ మా కిటికీలో దూరి నా ముక్కునే వెతుక్కునేది.

ఇండ్ల అజమాయిషీ చూసే దరోగా దగ్గరికి వెళ్లి ఆ పొగ మీద ఫిర్యాదు చేశాను. "దొరా, ఇరుగుపొరుగు అన్నంక ఒక పద్ధతి ఉండాలె గద!"

"నిజమే. పొయ్యి ఇయ్యాల్నే ఆర్పిస్త, రేపు ఇల్లు ఖాళీ చేయిస్త" అన్నాడు.

సంగతి ఇల్లు ఖాళీ చేయించేదాకా పోతుందనుకోలేదు. అయినా హుకుం అయ్యాక అడ్డుపడితే బాగుండదని గంభీరంగా ఇంటికొచ్చి పడుకున్నాను.

మర్నాడు పొగ లేదు. హాయిగా నిద్రపోయి లేచేసరికి మా పసిపిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది.

"చాయేది?" అన్నాను.

"నిప్పేది?" అంది నా భార్య. "ముసురుకు అగ్గిపెట్టె మెత్తవడ్డది. పిల్లకు పాలు కాగవెట్టాలె. ఎవలింట్లనన్న నిప్పు తీస్కరాండ్రి."

పిడక పట్టుకుని వరుసంతా తిరిగాను. ఎక్కడ చూసినా చల్లటి పొయ్యి, నాలాగే పిడక పట్టుకున్న మొగుడు.

"రోజు నిప్పు ఏడికెల్లి తెస్తరు?" అని ఒకతన్ని అడిగాను.

"ఏందన్నా, తెల్వదా? వానకాలమంత అందరికి శాంతవ్వ పొయ్యే దిక్కు. అందరికన్న ముందు మీ ఇంటామెనే వస్తది."

లేవగానే చాయ అందుతుంటే మా ఇంటి మహిమ అనుకున్నాను సుమండీ!

శాంతవ్వ కుండలు మూట కడుతోంది. పొయ్యి నిండా నీళ్లు.

"నిప్పు లేదు బిడ్డా. దరోగా నీళ్లు వోయించిండు. ఎవ్వలికో పొగ తాకిందంట. పిల్ల ఏడుస్తుంది, ఇనవడ్తలేదా? జల్ది ఇంజన్ కాడికన్న పో!"

నిలువ నీడ పోతున్న మనిషి మా పిల్ల పాల గురించి దిగులు పడుతోంది. సిగ్గుతో చచ్చిపోయాను. ఇంజన్ దగ్గరికి కాదు, పిడకతో సహా దరోగా దగ్గరికి పరుగెత్తాను.

"దొరా, ఫిర్యాదు వాపస్ తీసుకుంట!"

"ఎందుకయ్యా? ఇంక పొగ వస్తుందా?"

"వస్తలేదు దొరా. అదే నా తక్లీఫ్!"

దరోగా నన్ను ఎగాదిగా చూశాడు. "సరే, ముసల్ది ఉంటది. కని పొయ్యి నీ చూరు కింద పెట్టాలె. మల్ల ఎవడన్న పొగ అన్నడో, ఇద్దర్ని ఖాళీ చేయిస్త."

ఒప్పుకున్నాను. తిరిగొస్తూ ఇంజన్ డ్రైవర్ని బతిమాలి బొగ్గు ఇంజన్ నిప్పుల్లో పిడక అంటించుకొచ్చాను. శాంతవ్వ మూట విప్పింది.

ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ వరుసంతటి నిప్పు సరిగ్గా నా తలాపునే రాజుకుంది. "లేచినవా బిడ్డా? మొదటి నిప్పు నీదే" అనేది శాంతవ్వ.

మా ఇంటి పొయ్యిని అడగకుండా పొరుగువారి మీద ఈ జన్మలో ఫిర్యాదు చేయనని ఆ పొగ సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. ఒట్టు మధ్యలో దగ్గొచ్చింది. దరోగా వింటాడేమోనని మింగేశాను.